మనోవ్యాధికి మందు

పాఠ్యభాగ ఉద్దేశం

కుంగుబాటు అనే మానసిక వ్యాధి స్వరూపాన్నీ, స్త్రీపురుషులలో అది కనిపించే తీరునూ, సంభాషణ ద్వారా జరిగే చికిత్సనూ విద్యార్థులకు పరిచయం చేయడం. అవసరమైనప్పుడు సాయం కోరే ధైర్యాన్నీ, ఎదుటివారి మాట ఓర్పుతో వినే సంస్కారాన్నీ పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

'మనోవ్యాధికి మందు లేదు' అని తెలుగునాట ఒక సామెత వాడుకలో ఉంది. సామెతలు తరతరాల అనుభవసారాలు. అయితే అనుభవం పెరిగినకొద్దీ కొన్ని సామెతలను తిరిగి పరిశీలించుకోవలసి వస్తుంది. మనస్సు దిగులుతో కుమిలిపోతున్నప్పుడు దానికి ఔషధం ఉన్నదనీ, ఆ ఔషధాలలో ఒకటి మనుషులందరికీ పరిచితమైన మాటేననీ ఆధునిక వైద్యశాస్త్రం నిరూపించింది. నిజానికి ఈ సత్యం మన ప్రాచీనులకు కూడ కొంత తెలిసినదే.

యోగవాసిష్ఠంలో వైరాగ్య ప్రకరణమని ఒక భాగం ఉంది. మడికి సింగన ఆ గ్రంథాన్ని వాసిష్ఠ రామాయణం పేరిట తెలుగు చేశాడు. అందులోని శ్రీరామునికి ఇంకా పదహారేండ్లు నిండలేదు. అతడు తీర్థయాత్రలు ముగించుకొని అయోధ్యకు వచ్చిన కొంతకాలానికి అతనిలో ఒక మార్పు కనిపించింది. ఆహారం మీద రుచి తప్పింది. శరీరం కృశించింది. ఆటపాటల మీద, వేటల మీద, వస్త్రాభరణాల మీద ఆసక్తి నశించింది. ఒంటరిగా కూర్చొని చింతిస్తూ ఉండేవాడు. దశరథుడు దగ్గరకు తీసుకొని ఏమి కష్టం కలిగిందని అడిగితే, ఏమీ లేదని మాత్రమే చెప్పేవాడు. ఆ సమయంలో విశ్వామిత్రుడు రాజసభకు వచ్చి, యాగరక్షణకు రాముణ్ణి పంపమని కోరాడు. పరిచారకులు రాముని స్థితిని సభలో విన్నవించారు. అతణ్ణి పిలిపించారు. నీ మనస్సులో ఉన్నదేమిటో చెప్పమని మునులు ఆదరంతో అడిగారు. అప్పుడు రాముడు నోరు విప్పాడు. అతడు చాలసేపు మాట్లాడాడు. సభ అంతా నిశ్శబ్దంగా విన్నది. వసిష్ఠుని సమాధానం ఆ తరువాతనే మొదలై, రోజుల తరబడి సాగింది.

రామునికి కలిగినది తత్త్వజిజ్ఞాసతో కూడిన వైరాగ్యం. అది వ్యాధి కాదు. కాని ఆ ఘట్టంలో పెద్దలు నడచుకొన్న తీరు గమనింపదగినది. బాలునిలో వచ్చిన మార్పును దగ్గరివారు గుర్తించారు. దానిని దాచిపెట్టక పెద్దల దృష్టికి తెచ్చారు. రాజపుత్రునికి లోటేమిటని ఎవరూ గద్దించలేదు. ముందుగా అతని చేత మాట్లాడించారు. విన్న తరువాతనే బదులు చెప్పారు. నేడు మానసిక చికిత్సకులు అనుసరించే క్రమం కూడ దాదాపు ఇదే.

వైద్యులు కుంగుబాటు అని పిలిచే వ్యాధికి కొన్ని స్పష్టమైన లక్షణాలున్నాయి. దిగులు గాని, దేనిమీదా ఇష్టం లేకపోవడం గాని రోజులో అధికభాగం, కనీసం రెండు వారాలపాటు ఎడతెగక ఉంటుంది. దానికి తోడు నిద్ర పట్టకపోవడమో అతిగా నిద్రపోవడమో జరుగుతుంది. ఆకలి మారుతుంది. ఒళ్ళంతా నీరసం ఆవరిస్తుంది. చదివినది తలకెక్కదు. తాను పనికిమాలినవాడినన్న భావం, చేయని తప్పుకు కూడ తనను నిందించుకొనే స్వభావం ఏర్పడతాయి. కొందరిలో బతుకు మీదనే విరక్తి కలుగుతుంది. ఈ లక్షణాలలో కొన్ని కలిసి కనిపించి, నిత్యకృత్యాలకు ఆటంకం కలిగించినప్పుడు దానిని వ్యాధిగా గుర్తించాలి. మెదడులోని రసాయనిక మార్పులు, వంశపారంపర్యం, జీవితంలోని ఎదురుదెబ్బలు, పేదరికం, ఒంటరితనం, దీర్ఘరోగాలు ఇందుకు కారణాలు. చాలమందిలో ఒకటికి మించిన కారణాలు కలిసి పనిచేస్తాయి. ఇది సోమరితనం కాదు, మనోబలం లేకపోవడమూ కాదు.

దుఃఖానికీ కుంగుబాటుకూ భేదం తెలుసుకోవడం అవసరం. పిఠాపురం సమీపంలోని చంద్రంపాలెంలో 1897లో జన్మించిన దేవులపల్లి కృష్ణశాస్త్రి ఇందుకు స్మరింపదగినవాడు. ఆయన తండ్రి, పెదతండ్రి పిఠాపుర సంస్థాన విద్వాంసులు. భావకవితా యుగంలో విషాదాన్ని అంత మధురంగా పలికించిన కవి మరొకడు లేడని విమర్శకులు భావిస్తారు. తొలి భార్య మరణానంతరం ఆయన కవిత్వంలో ఆ విషాదం మరింత గాఢమైంది. ఆప్తులను పోగొట్టుకొన్నప్పుడు శోకించడం మానవ సహజం. ఆ శోకానికి మాటలుంటాయి, కన్నీళ్ళుంటాయి, పంచుకొనే మనుషులుంటారు. కాలం గడిచినకొద్దీ అది మెల్లగా నెమ్మదిస్తుంది. కుంగుబాటు స్వభావం వేరు. అది మొట్టమొదట మనిషి మాటను హరిస్తుంది. ఏమైందని అడిగితే ఏమీ లేదనిపిస్తుంది. చెప్పినా ప్రయోజనం లేదన్న నమ్మకం కలిగిస్తుంది. కవి తన దుఃఖాన్ని పాడుకోగలడు. కుంగుబాటుకు లోనైనవాడు తన దుఃఖానికి పేరు కూడ పెట్టలేడు.

ఈ వ్యాధి ఎంత విస్తృతమో కొన్ని అంకెలు తెలుపుతాయి. 2015-16లో బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థ ఆధ్వర్యంలో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిగింది. మనదేశంలోని వయోజనులలో ప్రతి 20 మందిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు కుంగుబాటుకు లోనైనట్లు అందులో తేలింది. అంతకన్న బాధాకరమైన విషయం మరొకటి ఉంది. ఆ వ్యాధితో బాధపడుతున్నవారిలో దాదాపు 85 శాతం మందికి చికిత్స అందడం లేదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్కల ప్రకారం పురుషులలో కన్న స్త్రీలలో ఈ వ్యాధి సుమారు ఒకటిన్నర రెట్లు అధికం. అయితే మరో లెక్క ఇందుకు భిన్నమైన కథ చెబుతుంది. జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 నివేదిక ప్రకారం మనదేశంలో ఆత్మహత్యలకు పాల్పడినవారిలో ప్రతి పదిమందికి ఏడుగురు పురుషులే. స్త్రీలలో వ్యాధి ఎక్కువగా కనిపిస్తుంది. పురుషులలో అది ఎక్కువగా దాగి ఉంటుంది.

ఇలా దాగడానికి మన పెంపకం కూడ ఒక కారణం. 'నవ్వే ఆడదాన్ని, ఏడ్చే మగవాణ్ణి నమ్మరాదు' అని ఒక పాత సామెత. ఒక్క వాక్యంలో అది స్త్రీ నవ్వునూ పురుషుని కన్నీటినీ కూడ నిషేధించింది. అందువల్ల స్త్రీపురుషుల మౌనాలు రెండు వేర్వేరు రూపాలు ధరించాయి.

పిఠాపురంలో ఒక యువతిని ఊహించుకొందాం. ఆమె పురిటికి పుట్టింటికి వచ్చింది. బిడ్డ పుట్టి రెండు నెలలైంది. ఇల్లంతా సందడిగా ఉంది. ఆమెకు మాత్రం నిద్ర లేదు, బిడ్డను ఎత్తుకోవాలన్న ఉత్సాహం లేదు. బిడ్డను సరిగా చూసుకోలేని తల్లినని లోలోపల కుమిలిపోతుంది. కాని నోటితో చెప్పేది తలనొప్పి, నడుము నొప్పి, గుండెదడ అని మాత్రమే. పెద్దవారు పచ్చి బాలింత నీరసమంటారు. ఇరుగుపొరుగు దిష్టి తగిలిందంటారు. తాయెత్తు కడతారు. కాన్పు తరువాత మొదటి రోజుల్లో కలిగే కొద్దిపాటి దిగులు చాలమంది బాలింతలలో రెండు వారాలలోపే తగ్గిపోతుంది. అలా తగ్గకపోతే అది చికిత్స అవసరమైన కుంగుబాటు కావచ్చునన్న సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

పిఠాపురానికి దగ్గరలోని ఉప్పాడలో ఒక నేతకారుణ్ణి కూడ ఊహించుకొందాం. ఉప్పాడ జాందానీ చీరలకు ప్రసిద్ధి. 2009లో వాటికి భౌగోళిక గుర్తింపు లభించింది. సన్నని పనితనం గల ఆ చీర నేయడానికి సాధారణంగా ఒక మగ్గం మీద ఇద్దరు కూర్చోవలసి ఉంటుంది. ఆ నేతకారుడు కొన్ని వారాలుగా మగ్గం ఎక్కడం లేదు. అడిగితే కసురుకొంటాడు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తుంది. సాయంత్రమయ్యేసరికి మద్యం దుకాణం వైపు నడుస్తాడు. ఊరివారు తాగుబోతు అంటారు. ఇంటివారు కోపిష్టి అంటారు. అతడు దుఃఖంలో ఉన్నాడని ఎవరూ అనరు. అతడు కూడ అనుకోడు.

వీరిద్దరికీ ఉన్నది ఒకే వ్యాధి. అయితే చికిత్స వారివద్దకు చేరవలసిన ద్వారాలు రెండు. ఆమెను ఒంటినొప్పుల గురించి అడుగుతూ మనస్సు దాకా వెళ్ళాలి. అతణ్ణి పని గురించి, నిద్ర గురించి, తాగుడు గురించి అడుగుతూ మనస్సు దాకా వెళ్ళాలి. దారులు వేరైనా, లోపలికి వెళ్ళిన తరువాత జరిగే పని ఒక్కటే.

ఆ పనికి మనోచికిత్స అని పేరు. ఇంజక్షన్లు, శస్త్రచికిత్సలు ఇందులో ఉండవు. శిక్షణ పొందిన ఒక చికిత్సకుడు లేదా చికిత్సకురాలు, బాధితుడు ఒక గదిలో కూర్చొని నియమిత కాలంపాటు మాట్లాడుకొంటారు. సాధారణంగా వారానికొకసారి, ముప్పావుగంట నుంచి గంట వరకు ఈ సంభాషణ సాగుతుంది. అక్కడ చెప్పిన విషయాలు గోప్యంగా ఉంటాయి. ప్రాణాపాయం వంటి అత్యవసర పరిస్థితులలో తప్ప వాటిని ఇతరులకు వెల్లడించరు. స్త్రీలు కోరుకొంటే స్త్రీ చికిత్సకురాలితోనే మాట్లాడవచ్చు. 'ధైర్యంగా ఉండు, అంతా సర్దుకొంటుంది' అని బంధుమిత్రులు చెప్పే ఓదార్పుకూ దీనికీ చాల తేడా ఉంది. ఓదార్పు ఆ పూటకు ఊరట. చికిత్స ఒక అభ్యాసం. అది మనిషికి తన ఆలోచనలను తానే పరిశీలించుకొనే నేర్పును ఇస్తుంది.

ఈ పద్ధతులలో సుప్రసిద్ధమైనది అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరానికి చెందిన మానసిక వైద్యుడు ఆరన్ బెక్ 1960వ దశకంలో రూపొందించినది. కుంగుబాటులో ఉన్నవారి ఆలోచనలు ఒక వంకర అద్దం వంటివని ఆయన గమనించాడు. ఆ అద్దంలో తన రూపం, లోకం, భవిష్యత్తు మూడూ వికృతంగానే కనిపిస్తాయి. ఆ అద్దాన్ని సరిదిద్దడమే చికిత్స. పిఠాపురం బాలింత 'నేను చెడ్డ తల్లిని' అన్నదనుకొందాం. చికిత్సకురాలు ఆ మాటను వెంటనే ఖండించదు. ఆ ఆలోచన ఎప్పుడు వచ్చిందో, అప్పుడు ఏమి జరిగిందో అడుగుతుంది. రాత్రి బిడ్డ ఏడిస్తే ఆమె లేవలేకపోయింది. అదే రోజు ఎన్నిసార్లు పాలిచ్చింది, ఎన్నిసార్లు బట్టలు మార్చింది అని లెక్క వేయమంటుంది. ఆమె చేతనే ఒక పుస్తకంలో వ్రాయిస్తుంది. కాగితం మీద ఒక వైపు నింద, మరొక వైపు నిజం కనిపిస్తాయి. వారాల తరబడి ఈ అభ్యాసం సాగిన మీదట, నింద మనస్సులో మెదిలినప్పుడే 'ఇది నిజమా?' అని అడిగే అలవాటు ఆమెకు కలుగుతుంది.

ఉప్పాడ నేతకారునికి మరో పద్ధతి ఉపకరించవచ్చు. కుంగుబాటులో మనిషి పని మానేస్తాడు. పని మానడంతో సంతోషం కలిగే సందర్భాలు తగ్గుతాయి. సంతోషం తగ్గినకొద్దీ పని చేయాలన్న కోరిక మరింత సన్నగిల్లుతుంది. ఇది ఒక విషవలయం. ఉత్సాహం వచ్చిన తరువాత పనిచేద్దామని ఎదురుచూస్తే ఆ వలయం తెగదు. చిన్నపని మొదలుపెడితే ఉత్సాహం వెనుక వస్తుంది. అందుచేత చికిత్సకుడు అతనితో కలిసి ఒక చిన్న ప్రణాళిక వేస్తాడు. మొదటి వారం మగ్గం ఎక్కనక్కర లేదు, రోజూ ఉదయం సముద్రపు ఒడ్డున కొంతదూరం నడిస్తే చాలు. రెండవ వారం ఒక పూట కండెలు చుట్టాలి. మూడవ వారం జోడీ నేతకారునితో గంటసేపు మగ్గం మీద కూర్చోవాలి. ప్రతి పని తరువాత మనస్సు ఎలా ఉన్నదో గుర్తుంచుకోవాలి. తాగుడు ఏ వేళకు, ఏ ఆలోచన వెంట మొదలవుతున్నదో కూడ ఇద్దరూ కలిసి కనిపెడతారు. జాందానీ మగ్గానికి ఇద్దరు మనుషులు కావలసినట్లే ఈ పనికి కూడ ఇద్దరు కావాలి. నేసేది మాత్రం బాధితుని బతుకునే గనుక, బుటా ఎక్కడ పడాలో నిర్ణయించేది అతడే.

ఇంతటి చికిత్స పెద్ద నగరాలలోని నిపుణులకే సాధ్యమని, పల్లెలకు అందదని ఒక అనుమానం కలగడం సహజం. ఈ శతాబ్దంలో జరిగిన పరిశోధనలు ఆ అనుమానాన్ని తొలగించాయి. ఆఫ్రికా ఖండంలోని ఉగాండా దేశంలో 2002లో 30 గ్రామాలలో ఒక ప్రయోగం చేశారు. స్త్రీలకు, పురుషులకు వేర్వేరు గ్రామాలలో వేర్వేరు బృందాలు ఏర్పాటు చేశారు. స్త్రీల బృందాన్ని స్త్రీ, పురుషుల బృందాన్ని పురుషుడు నడిపారు. వారు ఆ ప్రాంతీయులే. వారికి రెండు వారాల శిక్షణ మాత్రమే ఇచ్చారు. ఆప్తుల మరణం, కుటుంబ కలహాలు, జీవితంలో వచ్చిన మార్పులు వంటి విషయాల చుట్టూ 16 వారాలపాటు సంభాషణ సాగింది. చికిత్సకు ముందు ఆ బృందాలలో 86 శాతం మందిలో తీవ్రమైన కుంగుబాటు ఉండగా, చివరకు అది 6.5 శాతానికి తగ్గింది. చికిత్స పొందని గ్రామాలలో అది 55 శాతం వద్దనే నిలిచింది. తన వంటి కష్టమే పక్కవానికీ ఉన్నదని తెలిసినప్పుడు పురుషులు కూడ నోరు విప్పారని ఈ ప్రయోగం చాటింది.

పాకిస్తాన్‌లోని రావల్పిండి గ్రామీణ ప్రాంతంలో గర్భిణులకు, బాలింతలకు ఇటువంటి సాయమే అందించారు. అక్కడి మహిళా ఆరోగ్య కార్యకర్తలే ఇంటింటికీ వెళ్ళి వారితో మాట్లాడారు. బిడ్డ ఆరోగ్యం అనే మాటతో ఆ ఇళ్ళలోకి ప్రవేశించారు గనుక అత్తమామలు కూడ అభ్యంతరం చెప్పలేదు. ఆరు నెలల తరువాత చికిత్స పొందిన తల్లులలో 23 శాతం మందిలోనూ, పొందనివారిలో 53 శాతం మందిలోనూ కుంగుబాటు మిగిలింది. 2008లో ఈ ఫలితాలు వెలువడ్డాయి.

మనదేశంలోని గోవాలో డాక్టర్ విక్రమ్ పటేల్ బృందం 10 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో మరో ప్రయోగం నిర్వహించింది. మానసిక వైద్యంలో పూర్వానుభవం లేని సామాన్యులకు శిక్షణ ఇచ్చి, తీవ్రమైన కుంగుబాటు గలవారితో ఆరు నుంచి ఎనిమిది సార్లు మాట్లాడించారు. మూడు నెలల తరువాత వారిలో 64 శాతం మంది కోలుకొన్నారు. సాధారణ వైద్యం మాత్రమే పొందినవారిలో కోలుకొన్నది 39 శాతం. అదే కాలంలో, అవే కేంద్రాలలో మద్యానికి లోబడిన పురుషులకు ప్రత్యేకమైన సంభాషణా చికిత్స కూడ జరిపారు. అది కూడ ఉపయోగపడింది. స్త్రీకొక ద్వారం, పురుషునికొక ద్వారం తెరవడమంటే ఇదే.

గోదావరి తీరం కూడ ఈ విషయంలో వెనుకబడలేదు. పశ్చిమ గోదావరి జిల్లాలో 'స్మార్ట్ మెంటల్ హెల్త్' పేరుతో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ గ్లోబల్ హెల్త్ అనే సంస్థ ఒక కార్యక్రమం చేపట్టింది. ఆశా కార్యకర్తలు చేతిలో ఇమిడే ట్యాబ్ పట్టుకొని ఇంటింటికీ వెళ్ళి, మనస్సు ఎలా ఉన్నదో తెలుగులో అడిగారు. అవసరమైనవారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుని వద్దకు పంపారు. మానసిక వ్యాధిని పిచ్చి అని వెక్కిరించే అలవాటు పోగొట్టడానికి ఊళ్ళలో నాటకాలు ప్రదర్శించారు. తొలి దశలో 30 గ్రామాలలో 5007 మందిని ప్రశ్నించగా 238 మందికి సాయం అవసరమని తేలింది. అంతకుముందు వారిలో మానసిక వైద్యసేవ పొందినవారు నూటికి ఒక్కరు కూడ లేరు. కార్యక్రమం తరువాత ఆ సంఖ్య 12.6 శాతానికి చేరింది. పెరుగుదల స్వల్పమే కావచ్చు, కాని అది మూతపడిన తలుపు తెరుచుకొన్నదనడానికి సాక్ష్యం. ఆ తరువాత పశ్చిమ గోదావరిలోనూ, హర్యానాలోని రెండు జిల్లాలలోనూ 44 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో ఇదే పద్ధతిని పరీక్షించారు. ఏడాది గడిచేసరికి బాధితులలో కుంగుబాటు తీవ్రత తగ్గినట్లు 2024లో వెల్లడైంది.

మాట మందే అయినా, అన్ని సందర్భాలలోనూ మాట ఒక్కటే చాలదు. స్వల్పమైన కుంగుబాటుకు సంభాషణా చికిత్స సాధారణంగా సరిపోతుంది. తీవ్రమైనప్పుడు సంభాషణతోపాటు మందులు కూడ అవసరమవుతాయి. ఆ మందులు పనిచేయడం మొదలుపెట్టడానికి రెండు నుంచి నాలుగు వారాలు పట్టవచ్చు. పదిరోజులు వాడి గుణం లేదని మానేయడం, కొంచెం నెమ్మదించగానే వైద్యునికి చెప్పకుండా ఆపివేయడం ప్రమాదకరం. థైరాయిడ్ లోపం, రక్తహీనత వంటివి కూడ ఇటువంటి నీరసాన్ని కలిగిస్తాయి గనుక వైద్యుడు ముందు శరీర పరీక్ష చేయిస్తాడు. సంభాషణా చికిత్సకైనా ఓర్పు అవసరం. ఒక చికిత్సకునితో మనస్సు కలవకపోతే మరొకరిని ఆశ్రయించడంలో తప్పు లేదు. పేదరికం, అప్పు, ఇంట్లో హింస వంటివి బాధకు మూలమైనప్పుడు వాటికి తగిన సాయం కూడ వెదకాలి. హింసించే ఇంటిని ఓర్చుకోవడం నేర్పేది చికిత్స అనిపించుకోదు.

పిఠాపురం వాసులకు కాకినాడలోని ప్రభుత్వ సాధారణ ఆస్పత్రి మానసిక వైద్య విభాగం దగ్గరలో ఉంది. విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఇల్లు కదలలేనివారి కోసం కేంద్రప్రభుత్వం 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవం నాడు, 'టెలిమానస్' సేవను ప్రారంభించింది. 14416 సంఖ్యకు ఫోను చేస్తే రాత్రింబవళ్ళు ఉచితంగా తెలుగులో మాట్లాడవచ్చు. 2017లో వెలువడిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మానసిక వైద్యం పొందడం ప్రతి పౌరుని హక్కు. తన చికిత్స వివరాలను గోప్యంగా ఉంచమని కోరడం కూడ హక్కే.

ఇంటర్మీడియట్ చదివే వయస్సులో ఈ విషయం మరింత ముఖ్యం. పరీక్షల ఒత్తిడి, వసతిగృహంలో ఒంటరితనం, ఇంటివారి ఆశలు, తోటివారితో పోలిక యువతీయువకుల మనస్సును కుంగదీయవచ్చు. మిత్రుడు ఆటకు రావడం మానితే, మిత్రురాలు ఎప్పుడూ ఒంటరిగా కూర్చుంటే గమనించాలి. సలహాలు చెప్పడానికి తొందరపడక, ముందు అడగాలి. అడిగిన తరువాత వినాలి. చచ్చిపోవాలని ఉన్నదని ఎవరైనా అంటే దానిని వేళాకోళంగా తీసుకోరాదు. అటువంటివారిని ఒంటరిగా వదలక, ఆ మాటను రహస్యంగా దాచక, వెంటనే పెద్దలకో అధ్యాపకులకో తెలియజేయాలి. తెలుగులో 'మాటసాయం' అని ఒక చక్కని పదబంధం ఉంది. అది ఖర్చు లేని సాయం. కొన్ని వేళల్లో ప్రాణం నిలిపే సాయం.

సాయం కోరడం బలహీనత కాదని నేడు ప్రసిద్ధులు కూడ చాటుతున్నారు. నటి దీపికా పదుకొణే తాను కుంగుబాటుకు చికిత్స పొందినట్లు 2015లో బహిరంగంగా తెలిపింది. 2014 ఇంగ్లండు పర్యటన నాటి వైఫల్యాల వేళ తాను కుంగిపోయాననీ, అంతమంది నడుమ ఉండి కూడ ఒంటరినన్న భావం కలిగిందనీ క్రికెట్ క్రీడాకారుడు విరాట్ కోహ్లి 2021లో చెప్పాడు. ఒకరు స్త్రీ, ఒకరు పురుషుడు. పేరు, ధనం, బలం ఉన్నవారిని కూడ ఈ వ్యాధి విడువలేదు. మాట్లాడినందువల్ల వారి గౌరవమూ తగ్గలేదు.

పిఠాపురం ప్రాంతపు కవి కృష్ణశాస్త్రి జీవితంలో మరో ఘట్టం ఉంది. 1963లో గొంతు వ్యాధి కారణంగా ఆయన కంఠం మూగపోయింది. మధురంగా మాట్లాడేవాడని పేరు పొందిన మనిషికి అది ఎంత కష్టమో ఊహించవచ్చు. అయినా ఆయన సంభాషణ మానలేదు. చెప్పదలచినది కాగితం మీద వ్రాసి చూపేవాడు. ఎదుటివారు చదివి బదులు చెప్పేవారు. 1980లో కన్నుమూసే వరకు, ఆ పదిహేడేండ్లూ ఆయన మాట అలాగే సాగింది. గొంతు పోయినా మాటకు దారి దొరికింది. గొంతు ఉండి కూడ మాట పెగలని వారెందరో మన చుట్టూ ఉన్నారు. వారి ఎదుట కూర్చొని, తొందరపెట్టకుండా వినేవారు ఒక్కరు దొరికితే ఆ మాట మళ్ళీ పుడుతుంది. మనోవ్యాధికి మందు అక్కడ మొదలవుతుంది.

కఠిన పదాలు – అర్థాలు

కృశించు = చిక్కిపోవు
జిజ్ఞాస = తెలుసుకోవాలనే కోరిక
వైరాగ్యం = కోరికల మీద విముఖత
హరించు = అపహరించు
గోప్యం = రహస్యం
వికృతం = రూపం చెడినది
విషవలయం = ఒక కష్టం మరో కష్టానికి దారితీసే చక్రం
కండె = నేతకు నూలు చుట్టిన చిన్న గొట్టం
బుటా = చీర మీద నేసిన పువ్వు

అభ్యాసం

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. కుంగుబాటు స్త్రీపురుషులలో వేర్వేరు రూపాలలో కనిపించడానికి కారణాలేమిటి? పాఠంలోని ఉదాహరణలతో వివరించండి.
2. మనోచికిత్స సామాన్యులకు కూడ అందుతుందని నిరూపించిన ప్రయోగాలను గురించి వ్రాయండి.

II. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. రాజసభలో రాముని పట్ల పెద్దలు ప్రవర్తించిన తీరులో నేర్చుకోదగిన అంశాలేవి?
2. దుఃఖానికీ కుంగుబాటుకూ గల భేదాన్ని తెలపండి.
3. ఓదార్పుకూ చికిత్సకూ తేడా ఏమిటి?

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. యోగవాసిష్ఠాన్ని తెలుగు చేసిన కవి ఎవరు?
2. ఉప్పాడ జాందానీ చీరలకు భౌగోళిక గుర్తింపు ఎప్పుడు లభించింది?
3. టెలిమానస్ సేవ ఫోను సంఖ్య ఏది?

IV. వ్యాకరణాంశాలు
1. సంధి విడదీసి పేరు వ్రాయండి: మనోవ్యాధి, అత్యవసరం, వస్త్రాభరణాలు
2. విగ్రహవాక్యం వ్రాసి సమాసం పేరు తెలపండి: స్త్రీపురుషులు, రాజసభ, యాగరక్షణ

V. చర్చించండి
'మనోవ్యాధికి మందు లేదు' అన్న సామెతను నేటి పరిస్థితులకు అనుగుణంగా ఎలా మార్చి చెప్పవచ్చు? తరగతిలో బృందాలుగా చర్చించండి.